ఓడ పొట్లాలు

ఏటా ఆ పండుగ వస్తుంది. దేశమంతటా చిన్న వ్యాపారులను పిలిచి, శాలువాలు కప్పి, మీరే ఈ దేశానికి వెన్నెముక అని మైకుల్లో చెప్పే పండుగ. పోర్ట్‌బ్లెయిర్‌లో గోల్ ఘర్ దగ్గర రోడ్డుకి అడ్డంగా బ్యానర్లు కడతారు. బడి మైదానంలో షామియానాలు వేస్తారు. కొబ్బరి చిప్పలతో గరిటెలు చేసేవాళ్ళు, గవ్వల దండలు గుచ్చేవాళ్ళు, ఎండు చేపల వాళ్ళు, టైలర్లు, టీ కొట్ల వాళ్ళు, అందరూ ఉతికిన బట్టలు కట్టుకుని వస్తారు. మంచి పండుగే, నేను కాదనను. కానీ ఆ బ్యానర్ కంటపడితే చాలు, నాకు ఒళ్ళు మండుతుంది. ఇంటికొచ్చి గిన్నెలు ఎత్తి పడేస్తుంటాను. మా ఆయన ముందు గదిలోంచే "బ్యానర్ కట్టేశారా?" అని అడుగుతాడు.

ఈమధ్య ఒక అమ్మాయి మా ఇంటికొచ్చింది. ఆ ఉత్సవం పనులు చూసేవాళ్ళలో ఒకతె. ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. మాట తెలుగు, రాత హిందీ.

"ఆంటీ, మీ మమ్మీ పాత రోజుల్లో ఏదో బిజినెస్ చేసేవారంట కదా. స్టేజి మీదకొచ్చి థోడా బోల్ దీజియే, ప్లీజ్" అంది.

"మా అమ్మ ఏ వ్యాపారమూ చేయలేదమ్మా. ఆ రోజుల నాటి వాళ్ళెవరినైనా అడిగి చూడు, ఒక్కరి నోటా ఆవిడ పేరు రాదు" అన్నాను.

ఆ పిల్ల బిక్కమొహం వేసింది. పాపం, దానికేం తెలుసు. టీ ఇచ్చి పంపించాను. అది వెళ్ళాక కూర్చుని ఇది రాయడం మొదలుపెట్టాను. స్టేజి మీద రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు.

నాన్న కోస్తా నుంచి సర్కారు గుమాస్తాగా ఈ దీవులకు వచ్చాడు. ఉద్యోగం పర్మనెంటు కాగానే ఊరెళ్ళి, పెళ్ళి చేసుకుని, అమ్మను విశాఖలో ఓడ ఎక్కించాడు. మూడు రోజుల ప్రయాణం. సముద్రమంటే ఒడ్డున కూర్చుని బఠాణీలు తినే చోటని మాత్రమే అమ్మకి అప్పటిదాకా తెలుసు. అమ్మమ్మ కట్టిచ్చిన గారెలు, పులిహోర ఓడ కదలగానే కడుపునిండా తినేసింది. విశాఖ కొండ ఇంకా కనబడుతుండగానే అంతా కక్కేసింది. తర్వాత మూడు రోజులూ పడుకునే బంకు మీద కళ్ళు మూసుకుని పడి ఉంది. నాన్న పక్కన నిలబడి, "సముద్రానికి అంత వాటా ఇచ్చావు, ఇక మనల్ని ఏమీ చేయదులే" అని నవ్వాడట. ఆ మాట చాలా ఏళ్ళదాకా అమ్మ కూడా నవ్వుతూనే చెప్పేది.

కానీ ఆ మూడు రోజులూ పడ్డ బాధను అమ్మ ఊరికే పోనివ్వలేదు. ఓడ ఎక్కే మనిషి ఏ రోజు ఏం తినగలడో ఆ బంకు మీద పడుకునే ఆలోచించింది. తర్వాత డాలీగంజ్‌లో మా క్వార్టర్ల నుంచి ఎవరు ఊరెళ్తున్నా వాళ్ళకి మూడు పొట్లాలు కట్టిచ్చేది. మొదటి రోజు కడుపు దేన్నీ నిలవనివ్వదు కాబట్టి మొదటి పొట్లంలో మరమరాలు, వేయించిన శనగపప్పు, ఎండబెట్టిన ఉప్పు నిమ్మ బద్దలు, అల్లం కలిపిన బెల్లం ఉండలు. రెండో రోజు కాస్త ఆకలి మొదలవుతుంది. అప్పటికి నూనెలో బాగా మగ్గిన పులిహోర గుజ్జు. అన్నం ఓడ క్యాంటీన్లో దొరుకుతుంది, రుచి ఒక్కటే అక్కడ దొరకదు అనేది అమ్మ. మూడో రోజు మనిషి కోలుకుని ఆవురావురుమంటాడు. ఆ రోజుకి గట్టి జంతికలు, ఎండుకొబ్బరి కారం.

పొయ్యి మీద వాడ్చిన అరటాకు లోపల, పాత పేపరు పైన. ఆ పేపర్లు విశాఖ నుంచి ఓడలో వచ్చిన తెలుగు పేపర్లు, మాకు చేరేసరికి వార్తలన్నీ చల్లారిపోయి ఉండేవి. నా చదువు హిందీలో. నాకు తెలుగు అక్షరాలు వచ్చింది మాత్రం ఆ పొట్లాల పేపర్ల మీదే. అమ్మ ఒక చేత్తో ఆకు వాడుస్తూ, ఇంకో చేత్తో వేలు పెట్టి చూపించేది.

పైన అరటినారతో ముడి. మొదటి రోజు పొట్లానికి ఒక ముడి, రెండో రోజుదానికి రెండు, మూడో రోజుదానికి మూడు. ఓడలో తెలుగువాళ్ళుంటారు, బెంగాలీలుంటారు, తమిళులుంటారు, రాంచీ వాళ్ళుంటారు. ఏ భాషలో రాస్తే ఎవరికి అర్థమవుతుంది? పైగా కళ్ళు తెరిస్తేనే కడుపులో తిప్పేవాళ్ళకి రాత ఎందుకు? కళ్ళు మూసుకునే, వేళ్ళతో తడిమి తీసుకోవచ్చు. ఎంత తెలివైన ఆలోచనో నాకు పెద్దయ్యాక గానీ తెలియలేదు. నాన్న మాత్రం "మూడు ముళ్ళు వేసేది మొగుడు కదే, ఈ ఇంట్లో నువ్వేస్తున్నావేంటి?" అని ఆటపట్టించేవాడు.

మాకు ఎండు చేపలు తెచ్చే ఒకామె ఉండేది. హార్బరు అవతల బాంబూఫ్లాట్‌లో ఇల్లు. ఆమె మామగారి కాలంలోనే ఉత్తరాంధ్ర తీరం నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. పొద్దున్నే ఫెర్రీ దిగి, గంప నెత్తిన పెట్టుకుని డాలీగంజ్ అంతా తిరిగేది. ఎక్కడ తిరిగినా చివరికి మా వెనక గుమ్మం మెట్టు మీదే చతికిలపడేది. అమ్మా ఆమే ఒకరినొకరు వదినా అనుకునేవారు. నాకు ఆమె అత్త. ఆమె గొంతు వీధి చివరికి వినబడేది, అమ్మ గొంతు వంటింటి గుమ్మం దాటేది కాదు. అయినా ఇద్దరికీ ఎంత స్నేహమో. అత్త రాని రోజు అమ్మ కూరలో ఉప్పు మరిచిపోయేది.

పొట్లాలు చూసి మొదట నోరు తెరిచింది అత్తే.

"వొదినా, ఇంత రెక్కలు ముక్కలు సేసుకుని ఊరకే పంచీస్తన్నావేటి? ఓడ గేటు కాడ లైన్లో ఎండకి మాడిపోతంటారు జనం. ఇవి సూస్తే ఎగబడిపోతారు. నాకియ్యి, నాను అమ్మి డబ్బులు తెత్తాను."

అలా మొదలైంది. విశాఖ ఓడ ఉన్న రోజు అమ్మ తెల్లవారకముందే లేచేది. నేను నారలు చీల్చి ఇచ్చేదాన్ని. అత్త గంపలో చేపల బదులు పొట్లాలు పెట్టుకుని ఓడ గేటుకి పోయేది. ఖాళీ గంపతో వచ్చి మా మెట్టు మీద కూర్చుని, ఎవరు ఏమన్నారో పూసగుచ్చినట్టు చెప్పేది. ఆ కబుర్లు వినడానికే అమ్మ పొట్లాలు కట్టేదేమో అనిపించేది నాకు.

నాన్న పెట్టిన షరతు ఒకటే. "నీ పేరు మాత్రం బయటికి రాకూడదు. గవర్నమెంటు ఉద్యోగి భార్య వ్యాపారం చేసిందని తెలిస్తే నా ఉద్యోగం ఊడుతుంది."

ఈ భయం మా ఒక్క ఇంట్లోనే కాదు. క్వార్టర్లన్నిటిలో ఇదే తంతు. మా వరసలో ఒక మాస్టారి భార్య బట్టలు కుట్టేది, మిషను చప్పుడు బయటికి వినబడకుండా తలుపులు బిడాయించుకుని మరీ కుట్టేది. ఇంకొకాయన ఇంట్లో పాలమ్మే ఆవు ఉంటే, అది పక్క వీధి తమ్ముడిదని చెప్పేవాడు. ఆ రూలేమిటో, అందులో ఏముందో ఒక్కరూ చదివిన పాపాన పోలేదు. ఎవరో ఎప్పుడో చెప్పారు, అందరూ భయపడ్డారు. అందుకే మా అమ్మ పొట్లాలు ఊరందరికీ "బాంబూఫ్లాట్ ఆవిడ పొట్లాలు" అయ్యాయి. అమ్మ పట్టించుకునేది కాదు. "పేరుదేముంది, తిన్నవాళ్ళకి వాంతి కాకపోతే చాలు" అనేది.

ఒకసారి పక్కింటివాళ్ళని సాగనంపడానికి మేమిద్దరం ఓడ గేటు దాకా వెళ్ళాం. లైన్లో ఒక పడుచు పిల్ల, ఒళ్ళో చంటిబిడ్డ, మొదటిసారి ఓడ ఎక్కుతున్నట్టుంది, భయంతో మొహం పాలిపోయి ఉంది. చేతిలో అమ్మ కట్టిన పొట్లాలు. వాటి ముడుల్ని మాటిమాటికీ వేళ్ళతో తడుముకుంటోంది, మరిచిపోకూడదని. అమ్మ ఆమె వైపు రెండడుగులు వేసి ఆగిపోయింది. ఇంటికొచ్చాక, "ఆ పిల్లతో ఒక్క మాట చెప్పాలనిపించిందే. భయపడకు, నేనూ ఇలాగే వచ్చాను, ఇవి నేనే కట్టాను అని" అంది. "చెప్పాల్సింది" అన్నాను. "ఎలా చెప్తాను" అంది అమ్మ.

ఆ ఏడాదే చిన్న వ్యాపారుల పండుగకి ముందు ఒక కొత్త సంగతి ప్రకటించారు. బాగా పేరు తెచ్చుకున్న ఒక చిన్న వ్యాపారానికి ఓడ గేటు పక్కనే ఒక దుకాణం గది ఇస్తారట. కిటికీ ఉన్న చిన్న గది, పైన బోర్డు. అందరూ పొట్లాల పేరే అంటున్నారని అత్త పరుగున వచ్చి చెప్పింది. ఆ రోజు అన్నాలప్పుడు అమ్మ నాన్నని అడిగింది. నాకు బాగా గుర్తు, అన్నం వడ్డిస్తూ కాదు, వడ్డించడం అయ్యాక ఎదురుగా కూర్చుని అడిగింది.

"ఏవండీ, బోర్డు మీద వదిన పేరు పక్కన నా పేరు కూడా ఉంటే బాగుంటుంది. మీ ఆఫీసులో ఒక్క మాట అడిగి చూస్తారా? పర్మిషన్ ఇస్తే ఇస్తారు. నేను ఆ కిటికీ దగ్గర కూర్చోవాలి. అంతే."

అమ్మ నాన్నని ఏదైనా అడగడం నేను చూసిందే తక్కువ. నాన్న కసురుకుంటాడనుకున్నాను. కసురుకోలేదు. "అడుగుతాను. అడగడానికేముంది" అన్నాడు. ఆ మాటకే అమ్మ పొంగిపోయింది. మర్నాటి నుంచి పాటలు పాడుకుంటూ ఆకులు వాడ్చింది. నాన్న రోజూ ఆఫీసు నుంచి రాగానే నీళ్ళ చెంబు అందిస్తూ మొహంలోకి చూసేది. "పెద్దాయన క్యాంపులో ఉన్నాడు" అనేవాడు ఒకరోజు. "అర్జీ పెట్టాను, ఫైలు కదలాలి" అనేవాడు ఇంకోరోజు. చివరికి పండుగ దగ్గర పడ్డాక ఒక సాయంత్రం వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"కుదరదన్నారు. ఎంతో చెప్పి చూశాను. ఏం చేస్తాం, రూల్సు."

అమ్మ మొహం చిన్నబోయింది. కానీ ఆమె అన్న మాటేమిటో తెలుసా? "పోనీలెండి. నాకోసం నోరు విడిచి అడిగారుగా, అదే చాలు" అంది. ఆ రోజు నాన్నకి ఇష్టమని కొబ్బరిపాలతో పాయసం కాచింది. మా ఇంట్లో ఆ పాయసం నేను ఇప్పటికీ కాయను.

మర్నాడు అత్త వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుంది. "బోర్డు మీద నా పేరుంటే ఏటైపోద్ది వొదినా? గది మనిద్దరిదీని. కిటికీ కాడ కుర్సీ నీదే. గంగమ్మ మీద ఒట్టు" అంది. గంగమ్మ మీద ఒట్టు పెట్టాక సముద్రం మీద బతికేవాళ్ళు మాట తప్పరని అమ్మ నమ్మింది. నేనూ నమ్మాను.

పండుగ రోజుకి స్టాల్లో పెట్టే పొట్లాలన్నీ అమ్మే చేసింది. కొత్త నార, లేత ఆకులు, ఎన్నడూ లేనంత శ్రద్ధగా. ఉతికి ఇస్త్రీ చేసిన చీర కట్టుకుని, మైదానంలో ఆడవాళ్ళ వైపు వెనక కుర్చీల్లో నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. నాన్న ముందువరసలో ఆఫీసు వాళ్ళతో కూర్చున్నాడు. ఉపన్యాసాలయ్యాయి. పేర్లు పిలిచారు. గది అత్తకే ఇచ్చారు. అత్త పట్టుచీరలో మెరిసిపోతూ స్టేజి ఎక్కింది. అమ్మ నా చెయ్యి గట్టిగా నొక్కింది, తనే ఎక్కినంత సంబరంగా.

మైకు పట్టుకున్నాయన పొట్లాలు పైకెత్తి జనానికి చూపించి, "బహుత్ బఢియా ఐడియా హై దీదీ, యే గాంఠ్ కిస్‌నే సిఖాయా?" అన్నాడు. ఈ ముడులు ఎవరు నేర్పారు అని.

అత్త ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. హిందీలో సగం, తెలుగులో సగం, గలగలా చెప్పేసింది. "మేం సముద్రపోళ్ళం సాబ్. వలకి ముడులెయ్యడం మా సేతుల్లోనే ఉంటాది. ఎవుళూ నేర్పనేదు. యే మేరా అప్నా హై. నానే కనిపెట్టినాను."

చప్పట్లు మోగిపోయాయి. నా చెయ్యి మీద నుంచి అమ్మ చెయ్యి నెమ్మదిగా జారిపోయింది. నేను ముందువరస వైపు చూశాను. నాన్న కూడా చప్పట్లు కొడుతున్నాడు. అందరికంటే గట్టిగా కొడుతున్నాడు.

వల ముడి చూడండి, అరటినార ముడి చూడండి, దానికీ దీనికీ పోలికే లేదు. ఆ మైదానంలో సగం మంది వలలు అల్లేవాళ్ళే, ఒక్కరూ నోరెత్తలేదు. ఎవరికేం పట్టింది?

తర్వాత టీలు ఇచ్చారు. అమ్మ కప్పు పట్టుకుని ఒక పక్కన నిలబడి ఉంది, తాగడం లేదు. నాన్న ఆఫీసు పెద్దాయన, ఉత్తరాది మనిషి, మమ్మల్ని చూసి నవ్వుతూ వచ్చాడు. చాలా మర్యాదస్తుడు. ఆడవాళ్ళతో తల వంచి మాట్లాడేవాడు. ఆయన హిందీలో అన్న మాట ఇది:

"భాభీజీ, మీ చేతి వంట గురించి ఆఫీసులో అందరం చెప్పుకుంటాం. మా ఊళ్ళో అయితే మా ఆవిడ కూడా చిన్న దుకాణం నడిపింది. ఆఫీసులో ఒక్క ముక్క రాసిచ్చాను, అంతే, అభ్యంతరమేముంటుంది? మీరూ ఇలాంటిదేదైనా పెట్టొచ్చు కదా అని మీ ఆయన్ని నేనే అడిగాను. 'ఉస్‌కో ఇన్ చీజోం మే దిల్‌చస్పీ నహీ' అన్నాడు."

ఆమెకి ఇలాంటి వాటి మీద ఆసక్తి లేదట. అర్జీ లేదు, ఫైలు లేదు, కుదరదన్న మనిషి లేడు. పెద్దాయన క్యాంపులో లేడు. నాన్న అడగనే లేదు. అడగకపోగా, వాళ్ళే అడిగితే తోసిపుచ్చాడు.

అమ్మ కప్పు పక్కన బల్ల మీద పెట్టింది. "జీ" అంది. అంతే. ఆయన నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. తను ఏం చేసి వెళ్ళాడో ఆయనకి జన్మలో తెలిసి ఉండదు.

ఇంటికొచ్చే బస్సులో నాన్న ఉత్సాహంగా ఉన్నాడు. "గెలిచింది మన పొట్లాలేగా. పేరు ఎవరిదైతేనేం. నాకు మాత్రం బాధగా లేదా, రూల్సు అలా ఉన్నాయి మరి" అన్నాడు. అమ్మ ఆయన మొహంలోకి చూసింది. కొత్త మనిషి ఎవరో పక్కన కూర్చుంటే ఎలా చూస్తామో అలా చూసింది. నాకు బస్సు ఆపి ఊరంతా వినబడేలా అరవాలనిపించింది. అమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది. ఊరుకోమని.

వంటింట్లో అడిగాను. "అమ్మా, నాన్నని నిలదీయవా?"

"అడిగితే ఏదో ఒకటి చెప్తారు. నాకు మళ్ళీ నమ్మబుద్ధేస్తుంది. వద్దు" అంది.

ఎందుకు చేశాడు నాన్న? నేను చాలా ఏళ్ళు ఆలోచించాను. చెడ్డవాడు కాదు. తాగి రాలేదు, కొట్టలేదు. పొట్లాల కోసం సైకిలు మీద అరటాకులు మోసుకొచ్చినవాడు, దారిలో ఎవరైనా అడిగితే ఇంట్లో పూజ అని చెప్పినవాడు. ఆఫీసులో పొట్లాలాయన అని పిలుస్తారేమోనన్న నామోషీ. ఒకరి మీద ఒకరు జోకులేసుకునే ఆఫీసది, ఆయనే అందరికంటే ఎక్కువ వేసేవాడు. తన మీద ఒక జోకు పడుతుందని అమ్మ జీవితంలో అడిగిన ఒకే ఒక్క కోరికని నొక్కేశాడు. వద్దు, నాకిష్టం లేదు అని మొహాన చెప్పి ఉంటే అమ్మ ఏడ్చి ఊరుకునేది. అడిగానని చెప్పి పాయసం తాగాడు చూడండి, అది నేను క్షమించలేను.

తర్వాత వచ్చిన విశాఖ ఓడ రోజున అమ్మ ఎప్పటిలాగే పొట్లాలు కట్టింది. అత్త తీసుకోవడానికి రాలేదు. అమ్మ తనే గంప పట్టుకుని, నన్ను వెంటపెట్టుకుని ఓడ గేటు దగ్గరికి వెళ్ళింది. అమ్మ గంపతో రోడ్డెక్కడం అదే మొదలు, అదే చివర. కొత్త గదికి నీలం రంగు వేశారు. కిటికీ దగ్గర కుర్చీలో అత్త కూర్చుని ఉంది. వెనక ఆమె తోడికోడళ్ళిద్దరు ఆకులు చుడుతున్నారు. అమ్మ కిటికీకి ఇవతల, ఎండలో నిలబడింది.

అత్త చూపు తిప్పుకుంది. "ఇంక నీకెందుకీ కష్టం వొదినా. ఇంటిపట్టున ఉండు. మీ ఆయనకి ఇట్టం నేదు కదా" అంది.

"ఆయనకి ఇష్టం లేదని నీకెవరు చెప్పారు?"

"ఆయనే. పండగ ముందర మా ఇంటికొచ్చి సేతులట్టుకున్నాడు. స్టేజి మీద మా ఆవిడ పేరెత్తకమ్మా, నా పరువు నీ సేతిలో ఉందన్నాడు. నానెత్తనేదు."

ఫెర్రీ ఎక్కి బాంబూఫ్లాట్ దాకా వెళ్ళాడన్నమాట. ఆఫీసులో నాలుగు గదులు దాటి ఒక్క మాట అడగలేనివాడు, దాచడానికి మాత్రం హార్బరు దాటాడు. అమ్మ కిటికీ చెక్క పట్టుకుంది.

"నా పేరెత్తొద్దన్నారు, సరే. ముడులు నువ్వే కనిపెట్టానని చెప్పమన్నారా?"

వీధి చివరికి వినబడే అత్త గొంతు ఆ కిటికీ దాటలేదు. "అంతమంది సూస్తంటే ఏటి సెప్పమంటావు" అని గొణిగి, అమ్మ వెనక నిలబడ్డవాళ్ళని "ఆయియే భయ్యా, ఆయియే" అని పిలవడం మొదలుపెట్టింది. లైను కదిలింది. మేం పక్కకి జరగాల్సి వచ్చింది. గంప ఇంటికి మోసుకొచ్చి అమ్మ ఆ పొట్లాలన్నీ విప్పింది. చాలా రోజులు మేమే తిన్నాం.

మొగుడు ఒక వైపు, తోడబుట్టినంత స్నేహితురాలు ఒక వైపు, ఇద్దరూ కలిసి నమ్మించి గొంతు కోశారు. ఇద్దరికీ అది చిన్న విషయమే. ఒకరికి పరువు, ఒకరికి గది. అమ్మకి మాత్రం ఆ పొట్లాలు తప్ప తనదని చెప్పుకోవడానికి ఈ దీవుల్లో ఏమీ లేదు.

అమ్మ ఆ తర్వాత ఊళ్ళో ఎవరికీ ముడి వేయలేదు. ఎవరైనా ప్రయాణమవుతూ అడిగితే ఓపిక లేదనేది. వెనక గుమ్మం తలుపు మూసే ఉండేది. నాన్న రిటైరయ్యాడు, నా పెళ్ళయింది, పిల్లలు పుట్టారు. పండుగ రోజు బ్యానర్లు కడితే నాన్న అప్పుడప్పుడూ జాలిగా అనేవాడు, "పాపం, అప్పట్లో నీకు పర్మిషన్ ఇచ్చి ఉంటే బాగుండేది" అని. అమ్మ "ఊఁ" అనేది. ఇన్నేళ్ళూ అమ్మకి ఏమీ తెలియదనే ఆయన నమ్మకం.

నాన్న కళ్ళకి శుక్లాలు వచ్చాయి. ఆపరేషన్ విశాఖలో చేయిద్దామని ముగ్గురం బయల్దేరాం. సంచులు సర్దుతుంటే నాన్న, "పొట్లాలు కట్టలేదా?" అన్నాడు. "గేటు దగ్గర దొరుకుతాయిగా" అంది అమ్మ. గేటు దగ్గర నాన్న లైన్లో నిలబడ్డాడు, ఎండలో, చేత్తో కళ్ళకి నీడ పట్టుకుని. కిటికీలో అత్త లేదు, ఆమె కోడలు ఉంది. నాన్న మూడు పొట్లాలతో వచ్చాడు. ఇప్పుడు ఆకులూ నారలూ లేవు. ప్లాస్టిక్ కవర్లు, పైన రబ్బరు బ్యాండ్లు, మూడూ ఒకేలా ఉన్నాయి.

ఓడ హార్బరు దాటాక సముద్రం ఊపడం మొదలుపెట్టింది. నాన్న బంకు మీద కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. మొహం పచ్చబడింది. ఒళ్ళో పొట్లాలు పెట్టుకుని ఒక్కొక్కదాన్నీ తడిమాడు. మళ్ళీ తడిమాడు.

"ముడులేవే వీటికి? ఏది ముందు విప్పాలి?"

అమ్మ ఎదురు బంకు మీద కూర్చుని ఉంది. నాన్నతో జీవితమంతా తెలుగు తప్ప మాట్లాడలేదు ఆవిడ.

"నన్నడుగుతారేంటండీ? ముఝే ఇన్ చీజోం మే దిల్‌చస్పీ నహీ" అంది.

నాన్న వేళ్ళు కవరు మీద ఆగిపోయాయి. కళ్ళు తెరిచాడు. ఆ చూపుకి అమ్మ సరిగ్గా కనబడి ఉండదు, కానీ ఆ మాట ఎక్కడిదో, ఎవరిదో, ఎప్పటిదో ఆయనకి తెలిసిపోయింది. నాకు జాలి వేస్తుందనుకున్నాను. వేయలేదు.

అమ్మ తన చేతిసంచి విప్పింది. అడుగు నుంచి ఒక పొట్లం తీసింది. వాడ్చిన అరటాకు, పైన పాత పేపరు, నారతో ఒకటే ముడి. మా ఇద్దరికి సరిపోయేంత. ఎప్పుడు కట్టిందో నాకు కూడా తెలియదు. ముడి విప్పి, ఒక అల్లం ఉండ నా చేతిలో పెట్టి, ఒకటి తన నోట్లో వేసుకుంది. మిగిలింది మళ్ళీ ముడి వేసి సంచిలో పెట్టుకుని, అటు తిరిగి పడుకుంది.